కార్లకు నీడ కావాలట

సుమైర్,
మే 9

ఖల్ఫాన్ మామయ్య గారికి,

మీ అక్క కూతురు జువైనా సలాములు. మీరు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. నాన్నగారు మిమ్మల్ని అడిగానని రాయమన్నారు.

నీటి పంపుల మోతకు మీ చెవులు దెబ్బతిన్నాయనీ, ఫోను చేసి లాభం లేదనీ అమ్మ చెప్పింది. అందుకే ఉత్తరం. మా పక్కనున్న ఇబ్రా నుంచి బర్కాకు బస్సు నడిపే హమ్దాన్ చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వండి.

అసలు సంగతి ఇది. మా ఊరి ఆడవాళ్ళ బుధవారం సంతను ఊరి చివర కొత్త షెడ్డులోకి మార్చారు. దాని ముందు నూట ఇరవై కార్లు పట్టే మైదానం. అరచేతిలా చదును, పైన కంకర. నీడ అన్నమాటే లేదు. మావాళ్ళు తెల్లవారే దుకాణాలు పరుస్తారు, పదకొండింటికి సర్దేసుకుంటారు. అక్కడి నుంచి మొగుళ్ళో కొడుకులో కారు తెచ్చేదాకా గంటసేపు ఆ మైదానంలో నిలబడి మాడిపోవడమే. పోయిన వారం ఎండు నిమ్మకాయలమ్మే షన్నూనా పిన్ని కారు తలుపు పట్టుకుంటే వేళ్ళు బొబ్బలెక్కాయి. "ఇంకా పొయ్యి ఎందుకే, ఈ కారు మీదే రొట్టెలు కాల్చుకుందాం" అంది. నవ్వాం గానీ, ఆ వేళ్ళతోనే ఆవిడ మళ్ళీ బుధవారం మూటలు కట్టాలి.

మైదానం చుట్టూ, మధ్యలో చెట్లు వేసుకోమని సంత సంఘానికి అనుమతి వచ్చింది. సంఘం కార్యదర్శిని నేనే. షెడ్డు కట్టిన కాంట్రాక్టరు మనిషి ముర్షిద్ కోనోకార్పస్ వేద్దామంటున్నాడు. ఏడాదిలో ఇంటెత్తు పెరుగుతుందట. షన్నూనా పిన్ని నిమ్మచెట్లంటోంది, కొందరు ఖర్జూరాలంటున్నారు, ఒకావిడ గన్నేరు పూలంటోంది. "ఏది వేసినా మీ మామయ్యను అడగకుండా వేయకు" అని అమ్మ. నలభై ఏళ్ళు మొక్కలతో బతికినవారు కదా. ఏం వేయాలో చెప్పండి.

జువైనా

*

బర్కా,
మే 17

జువైనా,

"మామయ్య గారు" అట! నా భుజమెక్కి నా జుట్టు పీకిన పిల్లవి, ఈ "గారు" ఎక్కడ నేర్చావు? ఇంకోసారి "మీరు" అని రాశావంటే ఆ ఉత్తరం మేకలకు వేస్తాను.

రెండోది. మీ నాన్న నన్ను అడిగాడని రాశావు. పన్నెండేళ్ళుగా మా బావ ముహన్నా ఇంట్లో నా పేరెత్తితే కాఫీ చల్లారిపోతుందని నాకు తెలుసు. అబద్ధం ఆడేటప్పుడు కాస్త చిన్నది ఆడు తల్లీ, మోయడం తేలిక.

ఇక చెట్లు. ఖర్జూరం రాజు. రాజును తెచ్చి కార్ల కాపలాకు నిలబెడతామా? పైగా పండు కారిందంటే కారంతా జిగురు, ఆ జిగురుకు ఊళ్ళో ఈగలన్నీ. నిమ్మకు నీళ్ళు ఎక్కువ కావాలి, ముల్లు టైరులో దిగుతుంది. గన్నేరు పేరే ఎత్తకు. సంతకు మేకలొస్తాయి. నాలుగాకులు నమిలిందంటే అమ్మకానికొచ్చిన మేక పాడె మీద ఇంటికి పోతుంది.

కార్ల మధ్యలో జమ్మి వెయ్యి. ఆకు సన్నం, రాలినా గాలికి కొట్టుకుపోతుంది. వేరు తిన్నగా పాతాళానికి దిగుతుంది, పక్కింటి జోలికి పోదు. పడమటి అంచున రేగు వెయ్యి, ఆడవాళ్ళు దాని కింద నిలబడతారు. కార్ల మీదికి మాత్రం రానివ్వకు. పండ్ల కోసం పిల్లలు రాళ్ళు విసురుతారు, అద్దాలు పగులుతాయి, ఆ పాపం కార్యదర్శికి చుట్టుకుంటుంది. పొదలు కావాలంటే గోరింట కంచె కట్టు. ఆడవాళ్ళ సంత ముందు గోరింట కాక ఇంకేముండాలి?

కోనోకార్పస్ వద్దు. ఎందుకని అడగకు.

మైదానం కొలిచి బొమ్మ గీసి పంపు. ఎండ ఎటునుంచి, గాలి ఎటునుంచి, నీళ్ళెక్కడ, కాలువ ఎంత దూరం, అన్నీ రాయి.

నీ మామ
ఖల్ఫాన్

*

సుమైర్,
జూన్ 4

మామయ్యా,

సరే, నువ్వే. ఇదిగో బొమ్మ. వంకరగా ఉందని నవ్వకు, ఎండలో అడుగులు లెక్కపెట్టి గీశాను. షన్నూనా పిన్ని గొడుగు పట్టింది, మధ్యలో మాట్లాడి రెండుసార్లు లెక్క తప్పించింది.

తూర్పు అంచుకు ముప్పై అడుగుల దూరంలో ఊరి కాలువ ఉంది. అదే చిక్కు. సంతకు కుళాయి నీళ్ళు వచ్చే ఏడాదికి గానీ రావు. అందాకా మొక్కలకు కాలువ నీళ్ళే దిక్కు. కాలువ పెద్ద ఎవరో నీకు తెలియనిది కాదు. ఎవరి తోటకు ఏ పూట ఎంత నీరో చెప్పేది నాన్నే. మొక్కలు నీ దగ్గరే తీసుకుందామనుకుంటున్నట్టు ఆయనకింకా చెప్పలేదు. నీకు ఉత్తరాలు రాస్తున్నట్టూ చెప్పలేదు. అవును, మొదటి ఉత్తరంలో అబద్ధమే రాశాను. పెద్దదే.

సంఘం సమావేశంలో జమ్మి మాట ఎత్తగానే ముర్షిద్ నవ్వాడు. "జమ్మి నీడ ఇచ్చేసరికి ఈ సంతకొచ్చేది మీ మనవరాళ్ళమ్మా."

షన్నూనా పిన్ని ఊరుకుంటుందా? "ఏం నాయనా, నా మనవరాలికి నెత్తి లేదా, ఎండ తగలదా?"

అందరూ నవ్వారు. కానీ సగం మంది ముర్షిద్ వైపే. వాళ్ళదీ తప్పనలేను. నెత్తి మాడేది ఇప్పుడు. నువ్వేమో వద్దన్నావు, ఎందుకో చెప్పలేదు. నేను లేచి "మా మామయ్య వద్దన్నాడు" అంటే ముర్షిద్ ఏమన్నాడో తెలుసా? "ఏ మామయ్య? బర్కా ఖల్ఫానేనా? ఈ దేశంలో సగం కోనోకార్పస్ ఆయన అమ్మినదే గదా!"

నిజమేనా మామయ్యా?

అమ్మ పక్కన కూర్చుని రాయిస్తోంది: "మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడా, లేక సీసాను అలమారలో పెట్టి దణ్ణం పెడుతున్నాడా అని అడుగు."

జువైనా

*

బర్కా,
జూన్ 15

జువైనా,

అమ్మాను. అందరూ అమ్మారు.

జూన్‌లో ఏదీ నాటకు. జూన్‌లో నాటినది జూలై చూడదు. అక్టోబరు దాకా ఆగు. గుంట మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు తవ్వించు. కంకర అంతా తీసి పక్కన పోయించు, మళ్ళీ అందులోకే తొయ్యనివ్వకు. పనివాళ్ళు తోస్తారు. రెండు కార్లకొక జమ్మి, మొత్తం అరవై. గుంట చుట్టూ మోకాలెత్తు రాళ్ళు పాతించు, లేకపోతే వెనక్కి వచ్చే ప్రతి కారూ మొక్కను ముద్దు పెట్టుకుంటుంది. చెట్లు పెరిగేదాకా ఆడవాళ్ళు నిలబడే చోట ఖర్జూరపు మట్టల పందిరి వేయించు. రెండు రోజుల పని.

కాలువ వైపు నలభై అడుగుల లోపు గోరింట తప్ప ఏమీ వద్దు.

అక్కకు చెప్పు, నూనె రాసుకుంటున్నాను.

ఖల్ఫాన్

*

సుమైర్,
ఆగస్టు 20

మామయ్యా,

రెండు నెలలు నీకు రాయలేదు. మొదట నీ ఉత్తరం పొట్టిగా ఉందని కోపమొచ్చింది. తరవాత వేరే కోపమొచ్చింది. రెండోదాని గురించి చెబుతాను.

పోయిన వారం ముర్షిద్ ఎవరికీ చెప్పకుండా కాలువ వైపు ఇరవై కోనోకార్పస్ నాటించాడు. నమూనాకట. "చూడండి, వారంలోనే చిగురేసింది" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. నాటిన సాయంత్రమే నాన్న కాలువ చూసుకుంటూ అటు వచ్చాడు. మొక్కల్ని చూశాడు. కాలువ గట్టు మీద కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

మర్నాడు పొద్దున అమ్మను నిలదీశాను. చెప్పింది.

నీకూ నాన్నకూ చెడినప్పుడు నేను సలాలాలో అత్తవారింట్లో ఉన్నాను కాబట్టి నాకు తెలియలేదు. ఏదో పొలం గొడవన్నారు, నమ్మాను. పదహారేళ్ళ కిందట నాన్న తోట చుట్టూ వేసుకోమని నువ్వు నలభై కోనోకార్పస్ మొక్కలు కానుకగా తెచ్చావట. నాలుగేళ్ళకు వాటి వేళ్ళు కాలువలోకి దిగి, గోడలు చీల్చి, నీళ్ళన్నీ తాగేశాయట. కింది తోటల్లో ఖర్జూరాలు మోడులయ్యాయి. కాలువ పెద్ద తోటలోని చెట్లే కాలువను మింగాయని ఊరంతా అన్నారు. నాన్న మూడు వారాలు మసీదుకు వెనక దారిన వెళ్ళాడట.

అది కూడా కాదు మామయ్యా. చెట్టు తప్పు ఎవరైనా చేస్తారు. నాన్న నిన్ను పిలిపించి చీలిక చూపిస్తే, నువ్వు నలుగురి ముందూ నవ్వి, "చెట్టునేమంటావు బావా, కాలువ గోడలకు నువ్వు కలిపిన సున్నం నాసిరకం" అన్నావట. అప్పటినుంచి ఊరు చెట్టును వదిలేసి నాన్న సున్నాన్నే తప్పుపడుతోందట. ఆ మాట అమ్మ చెప్పలేక చెప్పింది.

ఈ సంగతి నాకు మేలోనే చెప్పాల్సింది. "ఎందుకని అడగకు" అన్నావు. నేను పిచ్చిదానిలా నీ మాట నమ్మి అందరి ముందూ నిలబడ్డాను.

సెప్టెంబరు 15న ఆఖరి సమావేశం. నీళ్ళ సంగతి తేలాలి కాబట్టి నాన్న కూడా వస్తాడు. నువ్వేం చేస్తావో నీ ఇష్టం. నేను మాత్రం ఈసారి "మా మామయ్య వద్దన్నాడు" అని చెప్పి కూర్చోలేను.

జువైనా

*

బర్కా,
సెప్టెంబరు 3

జువైనా తల్లీ,

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. అందులో కాదనడానికి ఒక్క ముక్క దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

వద్దామనే అనుకున్నాను. వస్తే నలుగురూ మాట్లాడేది నాకు వినపడదు, నేను ఒకటంటే వాళ్ళు ఒకటంటారు, నవ్వులాట అవుతుంది. ఈ విషయంలో ఒకసారి నవ్వులాట అయింది చాలు. అందుకని ఇంకో కాగితం రాసి ఇందులో పెట్టాను. అది సంఘానికి. గట్టిగా చదువు. ఎక్కడా మింగకు.

నీ మామ

[లోపలి కాగితం]

సుమైర్ సంత సంఘానికి బర్కాలో మొక్కలు పెంచే ఖల్ఫాన్ రాస్తున్నది.

ముర్షిద్ చెప్పింది నిజం. కోనోకార్పస్ వేల మొక్కలు అమ్మాను. తొందరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, కొన్నవాడు మెచ్చుకుంటాడు. నాలుగేళ్ళ తరవాత ఏమవుతుందో చూడ్డానికి అమ్మినవాడు మళ్ళీ వెళ్ళడు. నేను ఒక్కచోటికి వెళ్ళాల్సి వచ్చింది, అది మా అక్క ఇల్లు కాబట్టి. అక్కడ నా మొక్కల వేళ్ళు మీ కాలువలో చూశాను. తాడులా పేనుకుని ఉన్నాయి.

చూసి, సున్నం నాసిరకం అన్నాను. సున్నం బాగుంది. నేను దాన్ని గోటితో గీరి చూశాను, గోరు విరిగింది గానీ సున్నం రాలలేదు. అది కలిపింది మా బావ ముహన్నా. నలుగురి ముందు నా పరువు కాపాడుకోవడానికి ఆయన పరువు తీశాను. చెట్టుది తప్పు కాదు, దాని దాహం అది తీర్చుకుంది. తప్పు నాది.

ఐదేళ్ళ కిందట ఆ మొక్కలు పెంచడం మానేశాను. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పులన్నాను.

జమ్మి తొందరగా పెరగదు. మూడేళ్ళు పెంచిన మొక్కలు అరవై పైనే నా దగ్గరున్నాయి. రేగు పన్నెండు, గోరింట నూట యాభై. సంఘం ఒప్పుకుంటే అవి మీవి.

*

సుమైర్,
సెప్టెంబరు 17

మామయ్యా,

చదివాను. ఎక్కడా మింగలేదు. "గోరు విరిగింది" దగ్గర మాత్రం ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

చదువుతున్నంతసేపూ నాన్న నేల చూస్తున్నాడు. అయిపోగానే చేతికర్ర తీసుకుని లేచి బయటికి వెళ్ళిపోయాడు. చివరికి ముర్షిద్, "ఏదో పెద్దాయన, వయసు మీద పడి..." అని నసిగాడు.

షన్నూనా పిన్ని అంది: "తన సరుకు పనికిరాదని తనే చెప్పే దుకాణదారుణ్ణి అరవై ఏళ్ళలో ఇప్పుడే చూస్తున్నా. ఆయన మాట నమ్మకుండా నీ మాట నమ్మమంటావా?"

చేతులెత్తమన్నాం. జమ్మికి ముప్పై నాలుగు, కోనోకార్పస్‌కు తొమ్మిది. గెలిచాం, కానీ నీళ్ళిచ్చే మనిషి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి నేనూ అమ్మా అన్నం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాం.

మర్నాడు తెల్లవారి నమాజు నుంచి నాన్న ఇంటికి రాలేదు. వెతుక్కుంటూ వెళితే సంత మైదానంలో ఉన్నాడు. దిష్దాషా అంగీ అంచు మోకాళ్ళదాకా ఎత్తి దోపుకుని, కాలువ వైపు ముర్షిద్ నాటిన మొక్కల్ని ఒక్కొక్కటీ వేళ్ళతో సహా పెరుకుతున్నాడు. అప్పటికి పద్నాలుగు అయ్యాయి. నేను కూడా దిగాను. ఇరవయ్యోది పెరికాక నడుం పట్టుకుని నిలబడి, "ఆ కాగితం ఏదీ?" అన్నాడు.

ఇచ్చాను. కళ్ళజోడు తేలేదు. "నువ్వే చదువు" అన్నాడు. చదివాను. "సున్నం సంగతి ఇంకోసారి" అన్నాడు. చదివాను. కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి నడిచేటప్పుడు సగం దారిలో అన్నాడు: "సోమవారం పొద్దుటి నీళ్ళు నా తోట వంతు. అవి మీ మైదానానికి తిప్పుకోండి. చెట్లకిస్తున్నా. ఆయనకి కాదు."

"అలాగే నాన్నా" అన్నాను. ఇంతకంటే చిన్న అబద్ధం నాన్న కూడా ఆడలేడు.

మొక్కల కోసం అక్టోబరు 10న లారీ పంపుతున్నాం. ఎక్కించడానికి డ్రైవరు పక్కన ఇంకో మనిషి వస్తాడు. కాస్త మొండి మనిషి. కాఫీ వేడిగా ఇయ్యి.

జువైనా

*

బర్కా,
అక్టోబరు 11

జువైనా,

నువ్వు మీ అమ్మ కూతురివే. "కాస్త మొండి మనిషి" అట!

లారీ వచ్చేసరికి నేను గోరింట కుండీలు కడుగుతున్నాను. వెనక ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. తిరిగి చూస్తే మీ నాన్న. గడ్డం అంతా నెరిసిపోయింది. నాదీ నెరిసిందని ఆయన ముఖం చూస్తే తెలిసింది. నా చేతిలో గొట్టం లోంచి నీళ్ళు ఆయన చెప్పుల మీద పడుతున్నాయి. ఆయన జరగలేదు, నేను కట్టలేదు.

ఆయన ఏదో అన్నాడు. చిన్నగా, పెదవులు మాత్రం కదిలేలా. దారంతా వల్లె వేసుకుంటూ వచ్చిన మాట అని చూస్తేనే తెలుస్తోంది. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టాను. మళ్ళీ అన్నాడు, కాస్త పెద్దగా. నేను తల అడ్డంగా ఊపాను. మీ నాన్న చుట్టూ చూశాడు. నా పనివాళ్ళు, మొక్కలు కొనడానికొచ్చిన రెండు కుటుంబాలు, లారీ డ్రైవరు, అందరూ చూస్తున్నారు. ఊపిరి పీల్చుకుని, కాలువ అవతలి తోటవాణ్ణి పిలిచినట్టు అరిచాడు:

"పోనీలేరా ఖల్ఫాన్ అంటున్నా! పోనీలే!"

బర్కా అంతా వినపడి ఉంటుంది. మొక్కలు కొనడానికొచ్చిన ఒకాయన "ఏమైంది, ఎవరు పోయారు?" అని పరిగెత్తుకొచ్చాడు.

నేను గొట్టం పడేసి మీ నాన్నను పట్టుకున్నాను. ఇద్దరం తడిసిపోయాం. తరవాత ఆయన నా మొక్కలన్నీ తిరిగి చూసి, మూడు జమ్ములు వంకరగా ఉన్నాయని తిప్పి పంపి, వేరేవి ఎక్కించాడు. అవి నిటారుగానే ఉన్నాయి. నేనే వాటిని మోసి పక్కన పెట్టాను. మధ్యాహ్నం భోంచేసి, ఇద్దరం చాప మీద పడుకుని గుర్రు పెట్టామట. పనివాళ్ళు చెప్పారు. నాకైతే వినపడలేదు.

ఒక మాట నీకు మాత్రం. అక్కకు చెప్పొద్దు. "పోనీలే" అని ఆయన మొదటిసారి అన్నప్పుడే నాకు అర్థమైంది. పెదవులు చదవడం నాకు వచ్చు. కానీ పన్నెండేళ్ళు ఆగిన మాట కదా, మరి రెండుసార్లు అనిపించుకోవాలనిపించింది.

మామ

*

సుమైర్,
డిసెంబరు 6

మామయ్యా,

అక్కకు చెప్పొద్దన్న మాట ఉత్తరంలో రాయకూడదు. ఉత్తరాలు పక్కన కూర్చుని చదివించుకునేది అక్కే. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాన్నకు చెప్పనని ఒట్టేసింది. ఎన్నాళ్ళు ఆగుతుందో చూడాలి.

నాటే పనుల కోసం ఆపిన సంత పోయిన నెల మళ్ళీ మొదలైంది. నాటినవాటిలో నాలుగు జమ్ములు పోయాయి. తప్పు నాది. రాళ్ళు పాతించాను గానీ ముళ్ళకంప కట్టించలేదు. మేకల బండి తలుపు ఊడి, నలభై మేకలు ఒక్కసారి మైదానంలో పడ్డాయి. షన్నూనా పిన్ని చెప్పు తీసుకుని తరిమింది. నాలుగు మాత్రం మొదలంటా కొరికేశాయి. వాటి చోట, నాన్న తిప్పి పంపిన ఆ మూడు వంకర జమ్ముల్ని పంపు, ఇంకొకటి నీకు నచ్చినది. మిగతావన్నీ నిలబడ్డాయి. రేగు చిగురేసింది. మట్టల పందిరి కింద ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుంటున్నారు. కారు వచ్చినా కబుర్లు అయిపోయేదాకా లేవడం లేదని మొగుళ్ళు నాకు ఫిర్యాదు చేస్తున్నారు. గోరింట మోకాలెత్తయినా కాలేదు, అప్పుడే ఆకు దూసుకుపోతున్నారు. ఎవరో నాకు తెలుసు, మా ఇంట్లోనే ఉంది, చేతులు ఎర్రగా ఉన్నాయి.

ముర్షిద్ కూడా వచ్చాడు. వాళ్ళ అమ్మను దింపడానికి. కారు పందిరి పక్కన పెట్టుకుని కాసేపు నిలబడి, "మొక్కలు బాగానే పట్టుకున్నాయి" అన్నాడు. ఖర్జూరం పళ్ళెం ముందుకు తోశాను. రెండు తిన్నాడు.

నాన్న సంగతి వేరే చెప్పాలి. సోమవారాలే కాదు, రోజూ పొద్దున మైదానానికి వెళ్తున్నాడు. కర్ర పుచ్చుకుని వరసల మధ్య తిరుగుతాడు. మొక్కకు దగ్గరగా కారు ఆపినవాడికి చివాట్లు తప్పవు. నిన్న సంతకు మస్కట్ నుంచి పెద్ద కారులో ఒకాయన వచ్చి, రాళ్ళ మీదికి టైరు ఎక్కించి ఆపాడు. నాన్న వెళ్ళి అద్దం మీద కర్రతో తట్టాడు.

"వెనక్కి తియ్యి."

"ఏం పెద్దాయనా, ఈ మైదానం నీదా?"

"కాదు."

"మరి ఈ పుల్లలు నీవా?"

నేను పందిరి కింద నిలబడి వింటున్నాను. నాన్న ఆ మొక్క వైపు చూశాడు. తరవాత సంత అంతటికీ వినపడేలా అన్నాడు:

"మా బావమరిదివి. వెనక్కి తియ్యి!"

జువైనా